అబ్బ, కూర్చోవడం ఎంత కష్టమో!

పాపం, ఆడమ్ స్మిత్ మన వైపు ఎప్పుడూ రాలేదు. వచ్చి ఏ జిల్లా కేంద్రంలోనో ఓ వారం మకాం వేసి ఉంటే, 1776లో అచ్చేసిన ఆ లావుపాటి పుస్తకంలో ఒక అధ్యాయమైనా కొట్టేసి మళ్లీ రాసుకునేవాడు. మొదటి భాగం, పదో అధ్యాయం. పని ఎంత కష్టమైతే, ఎంత మురికిదైతే, ఎంత పరువు తక్కువదైతే దానికి కూలి అంత ఎక్కువ ముడుతుందని అందులో ఆయన నచ్చజెబుతాడు. బొగ్గు గనిలో దిగినవాడు ఎనిమిది గంటల్లో సంపాదించేది, కమ్మరి పన్నెండు గంటలు సుత్తి కొట్టినా సంపాదించలేడట. కమ్మరిది నేల మీద, పగటి వెలుతురులో చేసే పని, అంత ప్రాణభయం లేని పని కాబట్టి. ఇక అందరూ ఛీ కొట్టే తలారి ఉద్యోగముందే, చేసే పనితో పోల్చి చూస్తే మామూలు వృత్తులన్నిటికంటే దానికే గిట్టుబాటు ఎక్కువట. ఎంత ముచ్చటైన లోకం! ఈ లెక్కన మన మునిసిపాలిటీ పారిశుద్ధ్య కార్మికుడు బంజారాహిల్స్‌లో కాపురం ఉండాలి, అక్కడ ఉండే పెద్దమనుషులు పొద్దున్నే చీపురు పట్టుకుని ఆయన వీధి ఊడవాలి.

తర్వాత 1848లో జాన్ స్టువర్ట్ మిల్ అనే ఇంకో పెద్దమనిషి ఈ ముచ్చటను చెడగొట్టాడు. నిజంగా ఒళ్లు హూనమయ్యే పనులకూ, నిజంగా అసహ్యమైన పనులకూ దాదాపు ఎప్పుడూ అందరికంటే తక్కువే ఇస్తారనీ, వేరే దారి లేనివాళ్లే వాటిలోకి వస్తారనీ తేల్చేశాడు. ఈయనా మన వైపు రాలేదు. కానీ ఈయనకు మనతో చుట్టరికముంది. లండన్‌లో కూర్చుని ఈస్టిండియా కంపెనీలో 35 ఏళ్లు ఉద్యోగం చేశాడు. ఇండియా మొహం చూడకుండానే ఇండియాను ఏలే కాగితాలు రాశాడు. ఆఫీసు పని తన అసలు రాతలకు మధ్య విశ్రాంతిలా ఉండేదని ఆత్మకథలో ఒప్పుకున్నాడు కూడా. సులువైన ఉద్యోగమంటే ఏమిటో లోపల కూర్చుని చూసినవాడు కదా, అందుకే లెక్క సరిగ్గా కుదిరింది.

మన దగ్గర ఆ లెక్క ఇంకా తేలిక. గరిటె తిప్పిన చేతికి కాదు, గరిటెలోది రుచి చూసిన నాలుకకు జీతం. ఇది అలంకారం కాదు, రోజూ మధ్యాహ్నం కళ్లారా చూడొచ్చు.

తెలంగాణలో ఏదో ఒక ఊళ్లో సర్కారు బడికి పదకొండు గంటల వేళ వెళ్లండి. తరగతి గదుల వెనక రేకుల షెడ్డు. అది లేకపోతే వేపచెట్టు. మూడు రాళ్ల పొయ్యి, మీద గుండిగ. వానాకాలమైతే కట్టెలు తడి, మంట కంటే పొగ జాస్తి. ఇద్దరు ఆడవాళ్లు. ఉడికిన అన్నం గుండిగను అటొకరు ఇటొకరు పాత చీరపేలికలతో పట్టుకుని, మూత కాస్త వారగా అదిమిపెట్టి, గంజి వంపుతారు. చూడవలసిన ఘట్టం ఇదే. సలసల మరిగే గంజి జానెడు పక్కకు ఒలికితే పాదం మిగలదు. ఇద్దరి ఊపిరీ ఒక్క తీరుగా సాగాలి. ఎవరికీ తుమ్ము రాకూడదు. సర్కస్‌లో అయితే ఇలాంటప్పుడు డప్పు ఆపేసి జనాన్ని ఊపిరి బిగబట్టమంటారు. ఇక్కడ పక్క గదిలో పన్నెండో ఎక్కం అరుస్తుంటారు.

25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ మరొకరు. ఇదీ నిబంధన. రికార్డులో ఆమె హోదా ‘కుక్ కమ్ హెల్పర్’. అంటే వంట ఆమెదే, ఆ వంటకు సాయం కూడా ఆమే. కూరగాయలు తరగడం, బియ్యంలో రాళ్లేరడం, నీళ్లు మోయడం, వడ్డించడం, గుండిగలు తోమడం అన్నీ ఆ ‘కమ్’లో ఇమిడి ఉన్నాయి. అంత చిన్న మాటలో అంత పని పట్టించిన అధికారికి ఏదైనా పురస్కారం ఇచ్చారో లేదో తెలుసుకోవాలి.

కూర దించే వేళకు కారు వస్తుంది. లోపలి నుంచి తనిఖీ దిగుతుంది. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు రుచి చూడాలన్నది కూడా నిబంధనే, మంచి నిబంధన. సారు స్టీలు గిన్నెలో రెండు చెంచాల పప్పు పోయించుకుని, కళ్లు మూసుకుని, నాలుక మీద కాసేపు ఉంచుకుని, ఒక తీర్పు ఇస్తారు.

“ఉప్పు కొంచెం తక్కువైనట్టుంది కదమ్మా?”

“ఉప్పొక్కటేనా సారూ, గుడ్ల బిల్లు గూడ తక్కువనే ఉన్నది. ఐదు నెల్లసంది రాలే. కిరాణం షాపాయన ఉద్దెర ఇయ్యనంటున్నడు.”

“అది పైనుంచి రావాలమ్మా, నా చేతిలో ఏముంది?”

“ఉప్పు గూడ పైనుంచే రావాల్నా సారూ?”

సారు సందర్శకుల పుస్తకంలో ‘భోజనం సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టి కారెక్కుతారు. ఎండలో మూడు బళ్లు తిరగాలి. పాపం, ఎంత తిరుగుడు! సాయంత్రం ఇంటికెళ్లి కాళ్లు చాపుకుని ఇల్లాలితో, ‘ఫీల్డు డ్యూటీ అంటే మాటలు కాదోయ్’ అంటారు.

ఈ గుండిగ దించే పనికి కేంద్రం కట్టిన వెల నెలకు 1,000 రూపాయలు. 2009లో కట్టారు. అప్పటి నుంచి ఉల్లిపాయ ఎన్నిసార్లు చుక్కలు చూసొచ్చిందో, ఈ వెయ్యి మాత్రం ధ్రువనక్షత్రంలా కదల్లేదు. అదీ ఏడాదికి పది నెలలకే. మే నెలలో వంటమనిషికి ఆకలి వేయదని ఢిల్లీలో ఎవరో శాస్త్రీయంగా తేల్చారు. మన రెండు రాష్ట్రాలూ పెద్దమనసు చేసుకుని, తమ వంతు కలిపి దాన్ని 3,000 చేశాయి. రోజుకు వంద. అందులోంచి గుడ్లూ నూనే కూరగాయలూ ముందు తన చేతి నుంచి తెచ్చి, బిల్లు ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చునేదీ ఆమే. సర్కారుకు వడ్డీ లేకుండా అప్పిచ్చేది ప్రపంచ బ్యాంకు అనుకుంటాం. కాదు, మెడలో పుస్తెలు కుదువబెట్టిన ఈ ఇల్లాలు.

వెల కదలకపోతేనేం, పేర్లు మాత్రం పరుగులు తీశాయి. ఢిల్లీలో 2021లో పథకానికి పీఎం పోషణ్ అని నామకరణం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఒక గోరుముద్ద, 2024లో ప్రభుత్వం మారగానే డొక్కా సీతమ్మ గారి పేరు. లంకలగన్నవరంలో ఆకలన్నవాడికల్లా వేళగాని వేళ లేచి వండిపెట్టిన మహాతల్లి ఆమె. ఆమె పేరు బోర్డు మీద రాయించి, కింద పొయ్యి ఊదే మనిషికి రోజుకు వంద ఇవ్వడానికి ఎంత గుండెధైర్యం కావాలి! 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు, వెయ్యి రూపాయలకు ఇలా వంట చేయించడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందనీ, రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధమనీ మొహమాటం లేకుండా చెప్పింది. న్యాయమూర్తి గారు చెప్పారు, పేపర్లో వచ్చింది, ఆ పేపర్లోనే మర్నాడు ఎవరో మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నారు.

వీళ్లంతా ఉద్యోగులు కారట, స్వచ్ఛందంగా సేవ చేస్తున్నవాళ్లట. వంటవాళ్లూ అంతే, అంగన్‌వాడీలూ అంతే, ఆశాలూ అంతే. సేవ చేసేవాళ్లకు కనీస వేతనం లెక్క కట్టడం వాళ్ల త్యాగాన్ని అవమానించడం కదా! సరే, ఒప్పుకుందాం. మరి 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు జీతం పెంచమని సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే ఏం జరిగింది? జనవరిలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవల చట్టం! నిన్నటి దాకా ఊసుపోక సేవ చేస్తున్న ఆడవాళ్లు రాత్రికి రాత్రే, వాళ్లు లేకపోతే రాష్ట్రం ఆగిపోయేంత అత్యవసరమైపోయారు. ఇచ్చేటప్పుడు స్వచ్ఛందం, అడిగేటప్పుడు అత్యవసరం. ఈ రెండు ముక్కల్నీ ఒకే ఫైల్లో, ఒకదానికొకటి తగలకుండా కుట్టిన గుమాస్తా ఎవరో గాని, ఆయనది మాత్రం నిజంగా కష్టమైన ఉద్యోగమే. ఆశా కార్యకర్తలకైతే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారే అవార్డు ప్రకటించారు. చప్పట్లు జెనీవా నుంచి వచ్చాయి; చెప్పులరిగేలా తిరగడం మాత్రం ఎప్పటిలాగే ఊళ్లోనే.

కష్టాన్ని కొలవలేమని మేధావులు అంటుంటారు. ఎందుకు కొలవలేం? టేపుంది. ఉపాధి హామీ పనికి వెళ్లండి. ఎర్రటి ఎండలో తవ్విన గుంతలోకి దిగి పొడవెంత, వెడల్పెంత, లోతెంత అని టేపు పెట్టి కొలుస్తారు. నేల గట్టిదైతే లోతు తగ్గుతుంది, లోతు తగ్గితే కూలి తగ్గుతుంది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307 రూపాయలు అని బోర్డు మీద ఉండేది. చేతికొచ్చేది మాత్రం టేపు చెప్పినంత. ఇది చాలదని సెల్‌ఫోన్ యాప్ ఒకటి. పని మొదలయ్యాక ఒక ఫొటో, మధ్యాహ్నం మళ్లీ ఒక ఫొటో, కూలీలంతా వరసగా నిలబడి. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే పని ఎక్కనట్టే. గుంత కళ్ల ముందుంటుంది, గుంత తవ్వినవాళ్లు గుంత పక్కనే ఉంటారు, అయినా వాళ్లు ఆ రోజు పనికి రాలేదు!

ఇంత నిక్కచ్చిగా హాజరు చూసే దేశంలో శాసనసభ్యులకు ఎంత కఠినమైన నియమం ఉంటుందో అని భయపడిపోకండి. ఉంది. రాజ్యాంగం 190వ అధికరణం. సభ అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ప్రకటించాలి అని కాదు, ప్రకటించవచ్చు. ఆ 60 లెక్కలోనూ సభ ముగిసి ఉన్న రోజులు రావు, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడ్డ రోజులూ రావు. ఇటీవలి కాలంలో మన సభలు ఏడాది మొత్తం మీద నెల రోజులు కూర్చుంటే గొప్ప. అంటే ఒక్కరోజు కూడా మొహం చూపించకుండా రెండేళ్లు లాగించినా గుంత నిండదు. కూలీకి పూటకో ఫొటో, నాయకుడికి రెండేళ్లకో లెక్క.

ఈ సౌకర్యం వాడుకోవడంలో పార్టీ భేదం లేదు. 2021 నవంబరులో ఆంధ్ర శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రి అయ్యాకే మళ్లీ అడుగు పెడతానని చెప్పి వెళ్లారు, అయ్యాకే వచ్చారు. ఆయన వచ్చాక అవతలాయన, ప్రతిపక్ష నాయకుడి హోదా ఇస్తేనే వస్తానని బయటే ఉండిపోయారు. తెలంగాణలో పదేళ్లు ఏలిన పెద్దాయన ఓడిపోయాక సభకు చుట్టపుచూపుగా వస్తున్నారు. అక్కడ ఎమ్మెల్యే జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలని 2016లోనే ఖాయం చేసుకున్నారు. అధికారపక్షం కుర్చీల్లో ఉండేవాళ్లేం తక్కువ తినలేదు. ఎన్నికల్లో టికెట్ ఇవ్వలేకపోయిన ప్రతివాణ్నీ ఏదో ఒక దానికి సలహాదారును చేసి, కేబినెట్ హోదా, కారు, గన్‌మన్ ఇవ్వడం ఏ జెండా ఎగిరినా ఆగని కార్యక్రమం. సలహా ఎవరూ అడగరు. అడగని సలహా ఇవ్వకుండా నోరు కట్టేసుకుని ఐదేళ్లు కూర్చోవడం తెలుగువాడికి ఎంత నరకమో ఆలోచించండి. ఆ మాత్రం కారు ఇవ్వాలి.

కూర్చునేవాళ్ల కష్టాలు ఇంకా ఉన్నాయి. డేవిడ్ గ్రేబర్ అనే మానవశాస్త్రవేత్త 2018లో ‘బుల్‌షిట్ జాబ్స్’ అని ఒక పుస్తకమే రాశాడు. తాము రేపటి నుంచి రాకపోతే లోకానికి ఏ లోటూ రాదని ఉద్యోగం చేసేవాళ్లకే తెలిసిన ఉద్యోగాలవి. వాటిలో అసలు శ్రమ పని చేయడం కాదు, పని చేస్తున్నట్టు కనపడటం. దానికీ యంత్రమొచ్చింది. మౌస్‌ను దానంతట అదే కదిలించే బుల్లి పరికరం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మనిషి దుప్పటి ముసుగేసినా తెర మీద బాణం గుర్తు డ్యూటీ చేస్తూనే ఉంటుంది. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు కీబోర్డు కొడుతున్నట్టు నటించారని 2024లో డజనుకు పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. మన కూకట్‌పల్లి కుర్రాళ్లు మాత్రం నవ్వుకుని ఉంటారు: దొరికిపోవడం చేతగానితనం.

ఇక్కడో మాట. ఈ వ్యాసం కూడా కుర్చీలో కూర్చునే రాస్తున్నాను, ఫ్యాను కింద. మెడ పట్టేసింది. ఎవరైనా జాలి పడితే కాదనను.

మన కార్పొరేట్ పెద్దలకు ఈ కూర్చోవడం ఇంకా సరిపోలేదు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి వీడియో బయటికొచ్చింది: 90 గంటలు, ఆదివారం కూడా. ఇంట్లో కూర్చుని ఎంతసేపని పెళ్లాం మొహం చూస్తారన్నది ఆయన సందేహం. 2023-24లో ఆయన జీతభత్యాలు 51 కోట్లు. ఆ కంపెనీలో మధ్యస్థంగా జీతం తీసుకునే ఉద్యోగి కంటే 500 రెట్ల పైమాట. ఉద్యోగి 90 గంటలు చేస్తే, జీతం లెక్కన ఈయన వారానికి 45,000 గంటలు చేస్తూ ఉండాలి. వారంలో ఉన్నవి 168. మిగతా గంటలు ఎక్కడి నుంచి తెస్తున్నారో ఆ రహస్యం చెబితే, కాలాన్ని కూడా కాంట్రాక్టుకు ఇచ్చుకోవచ్చు.

పెద్దలు నోరు తెరిచాక ప్రభుత్వాలు చెవులు మూసుకుంటాయా? 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. జూలైలో తెలంగాణ కూడా, కొట్లు మినహా మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు ఆమోదం తెలిపింది, వారానికి 48 దాటకూడదని ఒక గీత గీసి. ఆ గీత దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలట. ఆంధ్రప్రదేశ్‌లో చీరల కొట్లో పొద్దున్నుంచి నిలబడ్డ సేల్స్‌గర్ల్‌ను అడిగి చూడండి, ఓవర్‌టైమ్ అంటే ఏ సినిమా అంటుంది. దీనంతటికీ చెప్పిన కారణం సులభతర వాణిజ్యం. సులువు యజమానిది, గంట ఆ పిల్లది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో కొట్లలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఉండాలని చట్టాలు సవరించాయి. స్టూలు వేయించడానికి చట్టం చేయాల్సి రావడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు గాని, మన కొట్లలో ఆ స్టూలు ఇంకా కనపడటం లేదు. గంట మాత్రం వచ్చింది.

ఇంతకీ 90 గంటల వీరుడు ఇంటికొచ్చేసరికి అన్నం ఎవరు వండి ఉంచుతారు? చొక్కా ఎవరు ఉతుకుతారు? 2024లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా తిరిగి లెక్క తీసింది. జీతం లేని ఇంటిచాకిరీకి, అది చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88. మగవాళ్ల 88లో ఆ ఇల్లాలు పిలిచి పిలిచి గొంతు పోయేదాకా పట్టిన సమయం కూడా కలిపారేమోనని నా అనుమానం. జనాభా లెక్కలవాళ్లు తలుపు కొట్టినప్పుడు ఇంటాయన మాత్రం లోపల్నుంచే చెబుతాడు: “మా ఆవిడా? ఖాళీగానే ఉంటుందండీ.”

ఒళ్లు విరిగే పనుల దగ్గరికి వచ్చేసరికి మనకో తారకమంత్రముంది. వాళ్లకు అలవాటేలెండి. మోకాళ్లలోతు బురదలో పొద్దున్నుంచి వంగి నాట్లు వేసే ఆడవాళ్లకు నడుము పట్టదా అని పట్నం అల్లుడు అడిగితే, గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ మామగారు ఈ మంత్రమే చదువుతారు. అదే అల్లుడు మర్నాడు నడుం నొప్పికి ప్రకృతి చికిత్సాలయంలో చేరి, రోజుకు వేలు పోసి ఒంటినిండా బురద పూయించుకుంటాడు. ఆ బురదకు వైద్యమని పేరు, ఈ బురదకు అలవాటని పేరు. నడుముకు మోకు చుట్టుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి ఎత్తు అలవాటు. పడితే ఎముకలు విరగడం కూడా అలవాటే అనుకుని ఇన్నేళ్లూ ఊరుకుని, 2024లో గాని తెలంగాణ ప్రభుత్వానికి ఆ నడుముకు రక్షణ కవచం కట్టాలని తోచలేదు. నిజామాబాద్ వైపు ఇళ్ల అరుగుల మీద చాటలో తునికాకు పెట్టుకుని వెయ్యి బీడీలు చుట్టే అమ్మకు దగ్గు అలవాటు. వెయ్యిలో బాగాలేవని కొన్ని తీసి పారేసే కంపెనీ గుమాస్తాకు ఆ తీసేయడం అలవాటు. ఆ తీసేసిన బీడీలు ఎక్కడికి పోతాయన్నది అడగకపోవడం మనందరికీ అలవాటు.

పల్లకీల కాలం పోయిందంటారు గదా. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి పల్లకీలో బయల్దేరి, పదిహేను నెలలు తిరిగొచ్చి, ఆ ముచ్చట్లు పుస్తకంగా రాశారు. ఆ రోజుల్లో బోయీకి కూలి ఉండేది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో చూడండి. పొడుగాటి కర్రకు దుప్పటి కట్టి, నొప్పులు పడుతున్న పడుచును అందులో పడుకోబెట్టి, ముందొకరూ వెనకొకరూ భుజానికెత్తుకుంటారు. గెడ్డ పొంగితే నడుంలోతు నీళ్లలో కర్రను తలపైకి లేపుతారు. రోడ్డు ఎక్కడ మొదలైతే అంబులెన్సు అక్కడిదాకానే వస్తుంది. రోడ్డు లేనంత దూరం డోలీ. మోసేది మొగుడు, తమ్ముడు, పక్కింటివాడు. ఇది ఏ శాఖ కిందికీ రాని ఉద్యోగం. అంచేత స్కేలు లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు లేదు. ఏటా వానాకాలంలో ఆ ఫొటో పేపర్లో వస్తుంది. అధికారులు స్పందిస్తారు. స్పందించడం మాత్రం ఉద్యోగమే, దానికి పీఆర్సీ వర్తిస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఏదంటే మాత్రం నాకు సందేహం లేదు. అర్ధరాత్రి మన నగరాల్లో మెయిన్‌రోడ్డు మీద పలుగుతో మ్యాన్‌హోల్ మూత లేపుతారు. దిగేవాడు నడుముకు తాడు కట్టుకుంటాడు, ఆ తాడు కొస పైనున్నవాడి చేతిలో. ఆ కంపు తట్టుకోవడానికి ముందే ఒక క్వార్టర్ గొంతులో పోసుకుని ఉంటారు. పక్కనుంచి స్కూటర్ల మీద పోయేవాళ్లు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రోడ్డుకు అడ్డంగా ఈ పనేంటని తిట్టుకుంటూ పోతారు. లోపలుండే వాయువు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. కోడిగుడ్డు కుళ్లిన కంపు. దాని పాళ్లు బాగా పెరిగితే కంపు తెలియదు, ఎందుకంటే ముక్కును ముందు చంపేస్తుంది. అమ్మయ్య, వాసన పోయింది అనుకున్న నిమిషమే ఆఖరి నిమిషం. తాడు బిగిసిపోతే పైనున్నవాడు దూకుతాడు, అన్నను లాగుదామని. వాడి వెనక ఇంకొకడు. అందుకే ఈ చావులు పేపర్లో జతలుగా, ముగ్గురుగా వస్తుంటాయి.

చట్టాలు లేవా? 1993లో ఒకటి, 2013లో ఇంకా గట్టిది. 2014లో సుప్రీంకోర్టు, చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పనిని నామరూపాల్లేకుండా చేయాలని బతుకంతా తిరిగిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే ఇచ్చారు. కోలారు బంగారు గనుల కాలనీలో పాకీపని చేసే తెలుగు కుటుంబంలో పుట్టినవాడాయన. ఏ రోజైనా ఏ కాంట్రాక్టరైనా జైలు ఊచలు లెక్కపెట్టాడా అని మాత్రం అడక్కండి. కాంట్రాక్టర్‌కు మ్యాన్‌హోల్ అలవాటు లేదు, జైలూ అలవాటు లేదు.

ఇక ఈ దేశంలో అన్నిటికంటే సులువైన ఉద్యోగం ఏదో వెతికి వెతికి కనిపెట్టాను. గ్రూప్ వన్‌కు అశోక్‌నగర్ గదుల్లో కళ్లు పోగొట్టుకుంటున్న పిల్లలు జాగ్రత్తగా రాసుకోవాలి. 2021 జూలైలో పాకీపని వల్ల దేశంలో ఎంతమంది చనిపోయారని రాజ్యసభలో అడిగితే, మంత్రిగారు అలాంటి మరణాలేవీ నమోదు కాలేదని జవాబిచ్చారు. కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పోయినవాళ్ల లెక్క వేరే. వాళ్లు పోయింది పాకీపని వల్ల కాదు, మురుగు కాలువల ప్రమాదకర శుభ్రత వల్ల. పట్టిక వేరు, శీర్షిక వేరు. ఆ జవాబును ఎవరో ఒక సెక్షన్ ఆఫీసరు ఏసీ గదిలో కూర్చుని టైపు చేసి ఉంటారు కదా. శీర్షిక మార్చాలి, కింద గడిలో ‘లేరు’ అని కొట్టాలి, అంతే. కంపు రాదు, తాడు అక్కర్లేదు, ఐదున్నరకు ఇంటికెళ్లిపోవచ్చు. డీఏ ఏడాదికి రెండుసార్లు, పిల్లలకు చదువు అలవెన్సు, ఎల్‌టీసీ మీద నాలుగేళ్లకోసారి కన్యాకుమారి. నోటిఫికేషన్ పడగానే అప్లై చేసుకోండి.